పది నిమిషాలు ఎక్కువ

పదకొండు దాటి ఆరు నిమిషాలైంది, లిఫ్టు మెకానిక్ రాలేదు. రాకపోతే రాకపోయాడు, ఆరు నిమిషాలకే కొంప మునిగిపోదు, బస్సు దొరక్కపోయి ఉండొచ్చు, ఏ ఆఫీసులోనో లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపల నలుగురు లబోదిబోమంటూ ఉంటే ఇతను పైనుంచి "కంగారు పడకండి" అని అరుస్తూ ఉండొచ్చు అని ఆమె తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నంతసేపూ కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. ఎదురుగా అతని కుర్చీ ఖాళీగా ఉంది. రెండు కుర్చీలూ ఒకే ఎత్తు, ఒకే రంగు, ఎవరు ఎవరికి నయం చేస్తున్నారో వాటిని చూసి చెప్పలేరు. తలుపుకు గడియ వేయలేదు. ఇంకా నలభై నాలుగు నిమిషాలున్నాయి, ఆ నలభై నాలుగూ ఆమె ఇక్కడే కూర్చోవాలి, పుస్తకం తెరవకూడదు, ఫోను ముట్టుకోకూడదు. ఆమెకు ఈ పని నేర్పిన పెద్దావిడ పెట్టిన నియమం అది. మనిషి రాకపోయినా ఆ గంట మనిషిదే. "వాళ్ళ సీటు ఖాళీగా ఉంది కదా అని నీ సంచి పెట్టేసుకుంటావా? ఎప్పుడొచ్చి చూసుకున్నా ఖాళీగా కనిపించాలి" అన్నారావిడ ఒకసారి. సైకోథెరపీ అంటే మనసు లోతులు, కలలకు అర్థాలు అనుకుని వెళ్ళిన ఆమెకు మొదటి ఏడాదంతా ఖాళీ కుర్చీ ముందు కదలకుండా కూర్చోవడం నేర్చుకోవడంతోనే సరిపోయింది.

వినడం మాత్రం కొత్తగా నేర్చుకోవలసిన అవసరం రాలేదు. ఇందులోకి రాకముందు పన్నెండేళ్ళు ఒక ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేసింది. గదిలో గది, దానికి మెత్తటి గోడలు, మందపాటి అద్దం. లోపల కూర్చున్నవాళ్ళ చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్, అద్దానికి ఇవతల ఆమె. "చప్పుడు వినిపిస్తే నొక్కండి, ఎంత సన్నగా వినిపించినా నొక్కండి, వినిపించకపోతే ఊరుకోండి." రోజుకు ఇరవైసార్లు అదే మాట, నిద్రలో కూడా అంటోందని అక్క ఎగతాళి చేసేది. ఒకరోజు ఒక ముసలాయన వచ్చాడు, మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆమె చప్పుడు పంపకముందే బటన్ నొక్కేస్తున్నాడు. తలుపు తీసి, "ఇప్పుడు చప్పుడే లేదు కదండీ, ఎందుకు నొక్కారు?" అని అడిగితే, "నువ్వు ఎదురుచూస్తున్నట్టు కనిపించావమ్మా, పాపం అనిపించింది" అన్నాడు. ఆమె నవ్వేసి, కుర్చీ అటు తిప్పి, తన ముఖం ఆయనకు కనిపించకుండా కూర్చోబెట్టి పరీక్ష మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ మాట కంట్లో నలుసులా ఉండిపోయింది. అన్నేళ్ళూ తను అద్దానికి ఇవతల ఉన్నాననుకుంది, తన ముఖం కూడా ఆ పరీక్షలో ఉందని ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళ తర్వాత సాయంత్రం క్లాసుల్లో చేరితే, పెద్దావిడ మొదటిరోజే చెప్పారు: "వచ్చిన మనిషికి ఏమైందన్నది ఒక్కటే చూడకండి, మీ ఇద్దరి మధ్య ఏం జరుగుతోందో చూడండి. దెబ్బ తగిలింది మనుషుల మధ్యే, మానేదీ మనుషుల మధ్యే. మీరు గోడలు కారు, గోడల్లా నటించకండి." క్లాసంతా గబగబా రాసుకుంటోంది. ఆమె రాసుకోలేదు, ఆ ముసలాయనకు ఇప్పుడు చెవులు ఎలా ఉన్నాయో అనుకుంటూ కూర్చుంది.

కారిడార్‌లో లిఫ్టు ఆగిన చప్పుడైంది. ఆమె కుర్చీలో నిటారుగా సర్దుకుంది, ఆ వెంటనే ఆమెకు నవ్వొచ్చింది, అతను లిఫ్టు ఎక్కడు కదా! నాలుగంతస్తులూ మెట్లెక్కి వస్తాడు. మొదటిరోజు ఆయాసపడుతూ వచ్చి కూర్చుంటే, లిఫ్టు పాడైందా అని అడిగింది. "పాడైతే అప్పుడు ఎక్కుతానండీ, బాగుంటే నాకేం పని" అన్నాడు. హాస్యం ముందు పెట్టుకుని వచ్చే మనుషులు ఆమెకు తెలుసు, గుమ్మంలో చెప్పులు విడిచినట్టు ఆ హాస్యం విడవడానికి వాళ్ళకు కొన్ని నెలలు పడుతుంది. ఇతనికి నాలుగు నెలలు పట్టింది. పదిహేడేళ్ళుగా చేస్తున్న పని, ఒకరోజు ఏడో అంతస్తు దగ్గర లిఫ్టు పెట్టె నెత్తిన కూర్చుని నూనె పెడుతూ పెడుతూ ఆగిపోయాడు. చేయి కదల్లేదు. కింద నుంచి కేకలేస్తే వినిపించాయి, జవాబు చెప్పాలని అనిపించలేదు. రెండు గంటలు అలాగే కూర్చుంటే, తోటివాళ్ళు పక్క లిఫ్టులో వెళ్ళి దింపారు. కంపెనీవాళ్ళు మంచివాళ్ళే, ఊరికే మానెయ్యమనలేదు, ఎవరికైనా చూపించుకుని రమ్మన్నారు. డాక్టరు మందులు రాసి, ఆమె దగ్గరికి కూడా పంపాడు. మందులతో చేయి కదిలింది. ఆగిపోయిందేమిటో తెలుసుకోవడానికి గురువారం గురువారం వస్తున్నాడు, పదకొండు నుంచి పదకొండూ యాభై దాకా, ఇప్పటిదాకా ఒక్క వారం తప్పలేదు, ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు.

పదకొండూ పద్నాలుగు. పక్క గదుల్లో పళ్ళ డాక్టరు యంత్రం సన్నగా కూస్తోంది. ఆ కూత మొదలైనప్పుడల్లా లిఫ్టు మెకానిక్ మాట ఆపి, "దానికి బేరింగు పోయింది, చెప్పండి ఆయనకి" అనేవాడు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది, ఏం పోయింది చెబితే! ఇలాంటి చిన్న చిన్న పనులు చేసిపెట్టకూడదని కాదు, చేయబోయేటప్పుడు ఎందుకు చేస్తున్నామో ఒకసారి ఆగి చూసుకోవాలంతే. అలా ఆగి చూసుకోనిది ఒక్క పోయిన గురువారమే. దాని దగ్గరికి వెళ్ళాలంటే ముందు అతని తొమ్మిదో ఏడు గుండా వెళ్ళాలి. అది ఆమెకు కంఠతా వచ్చు. ఏ మాట దగ్గర అతను ముక్కు ఎగపీలుస్తాడో, ఏ మాట దగ్గర కిటికీ వైపు చూస్తాడో కూడా తెలుసు. బడి నుంచి ఇంటికొస్తే వాళ్ళ పెద్దమ్మ గుమ్మంలో ఉంది. ఎప్పుడూ కసురుకునే పెద్దమ్మ ఆ వేళ తల నిమిరింది. మేనమామ కొత్త బూట్లు తెచ్చాడు, పండగా కాదు, పుట్టినరోజూ కాదు. ఎన్ని చాక్లెట్లు తిన్నా ఎవరూ ఆపలేదు. అమ్మేదీ అంటే, ఆసుపత్రిలో ఉంది, వచ్చేస్తుంది అన్నారు. ఏమైందని అడిగితే పెద్దమ్మ, "ఏం లేదు నాన్నా, తిను" అంది. మూడు రోజులు అలా రాజభోగం అనుభవించాక, పక్కింటి పిల్ల గోలీలాటలో ఓడిపోయి, ఉక్రోషం పట్టలేక, "మీ అమ్మ చచ్చిపోయిందిలే" అనేసింది. అతను ఆ పిల్ల మీద ఒక్కమాట కూడా తప్పుగా చెప్పడు. "ఊరందరిలో అదొక్కతే నాకు నిజం చెప్పింది మేడమ్" అంటాడు. బూట్లు మాత్రం కాళ్ళకి బిగుతైపోయేదాకా వేసుకున్నాడట, పారెయ్యమని ఎవరూ అనలేదట.

ఇదంతా తెలిసి కూడా. తెలియక చేస్తే అదొక దారి, తెలిసి కూడా చేసింది. పోయిన గురువారం అంతసేపూ పాత లిఫ్టుల సంగతులు చెప్పి, సరిగ్గా పదకొండూ నలభై ఎనిమిదికి అతను, "ఆ రోజు లిఫ్టు మీంచి దిగాలనిపించలేదు మేడమ్" అన్నాడు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే, గంటంతా వాన కబుర్లు చెప్పి, అసలు మాట చివరి రెండు నిమిషాల్లో చెప్పడం. అప్పుడేం చేయాలో కూడా అందరికీ తెలుసు. ప్రాణం తీసుకునే ఆలోచన ఉందా అని సూటిగా అడగాలి. అడిగింది. లేదన్నాడు, నమ్మదగ్గట్టే అన్నాడు. ఇది పెద్ద మాట, వచ్చే వారం ఇక్కడే మొదలుపెడదాం అని లేవాలి. లేవలేదు. అతని ముఖం బూడిదరంగులో ఉంది, ఆ ముఖంతో అతన్ని మెట్ల మీదకు పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. ఇంకాసేపు కూర్చోండి అంది. నీళ్ళిచ్చింది. ఏవేవో అడిగింది, వాటిలో ఒక్కటీ అడగాల్సిన ప్రశ్న కాదు. ఆఖరికి, పొరపాటున తన గదిలోకి వచ్చి కూర్చుని నోరు తెరిచి చూపించిన పళ్ళ డాక్టరు పేషెంటు సంగతి చెప్పింది, ఆ మనిషి నోరు మూయకుండానే "పై పన్నండీ" అన్నాడని నటించి మరీ చెప్పింది. అతను నవ్వాడు. అప్పుడు వదిలింది. లేచి గడియారం చూసుకుని, "పన్నెండైంది మేడమ్. పది నిమిషాలు ఎక్కువ కూర్చోబెట్టారు" అన్నాడు. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "నాకు ఏమైనా ఉందా?" అన్నాడు. ఆమె, అయ్యో నా నోరు పడిపోను, "ఏం లేదు, వెళ్ళి రండి" అంది.

తలుపు తోసుకుని ఎవరో వచ్చారు. అతను కాదు. చెంప బూరెలా వాచిపోయిన ఒక ముసలావిడ, చేతిరుమాలు దవడకి అదుముకుని, ఖాళీ కుర్చీ వైపు ఆశగా చూసింది. "పళ్ళ డాక్టరు గారు మీరేనా అమ్మా?" పక్క తలుపండీ అని ఆమె చెప్పింది. "మరి మీరేం డాక్టరు?" అంది ఆవిడ, అంత నొప్పిలోనూ తెలుసుకోకుండా పోయే రకం కాదు. "నేను మాట్లాడతానండీ, అంతే." ఆవిడ గదంతా ఒకసారి కలయజూసింది, రెండు కుర్చీలు, ఒక గడియారం, ఒక నీళ్ళ జగ్గు. "ఎవరితో?" అంది. జవాబు కోసం ఆగకుండా దవడ పట్టుకుని వెళ్ళిపోయింది, నయం.

ఎవరితో? మంచి ప్రశ్నే. నిన్న సాయంత్రం పెద్దావిడ కూడా ఇంచుమించు అదే అడిగారు. ఎన్నేళ్ళు పనిచేసినా ఈ వృత్తిలో ఒకరి దగ్గరికి వెళ్ళి తప్పులు చెప్పుకోవాలి, పదిహేను రోజులకొకసారి ఆమె వెళుతుంది. జరిగిందంతా చెప్పింది, అతని పెద్దమ్మ మాటే తన నోట్లోంచి వచ్చిందని కూడా చెప్పింది, చెప్పి, మెచ్చుకుంటారేమోనని చిన్నపిల్లలా చూసింది. ఆవిడ మెచ్చుకోలేదు. "ఆ పది నిమిషాలు ఎవరివి?" అన్నారు. "అతనివే." "మళ్ళీ చెప్పు." ఆమెకు ఒళ్ళు మండింది. అంత బాధలో ఉన్న మనిషిని గడియారం చూపించి గెంటేయమంటారా అంది. "గెంటేయమన్నానా? అడిగినదానికి చెప్పు. నవ్వాక ఎందుకు వదిలావు?"  ఆ ప్రశ్నకు జవాబు బస్సులో ఇంటికి వెళుతుంటే దొరికింది, దొరికాక దిగవలసిన స్టాపు దాటిపోయింది.

అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. జ్వరం కాదు, గొడవ కాదు, ఏదీ కాదు, మూడు రోజులు, నాలుగు రోజులు ఒక్క మాట ఉండేది కాదు. నాన్న డ్యూటీకి వెళుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "అమ్మ దగ్గర కూర్చో తల్లీ. అమ్మ నవ్వాక ఆడుకోడానికి వెళ్దువుగాని" అనేవాడు. అక్కకి చదువుండేది. తనకి ఎనిమిదేళ్ళు, తనకి అమ్మ ఉండేది. అమ్మను నవ్వించాలని మంచం పక్కన ఇంటి ఓనరు దగ్గు దగ్గేది, లెక్కల టీచరు నడక నడిచేది, పైవాటా ఆంటీ ఫోనులో ఏడ్చే ఏడుపు ఏడ్చేది. వీధిలో పిల్లల కేకలు వినిపిస్తుండేవి, ఆటలో ఎవరు అవుటయ్యారో కూడా తెలిసేది. ఎప్పటికో అమ్మ భుజం కొంచెం కదిలేది, "చాల్లే, పో" అనేది, అది నవ్వే. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేది. ఆ నవ్వులు నవ్వులో కాదో ఆమె ఇంతవరకూ అడగలేదు, ఇకమీదట అడగదు కూడా. ముఖం చూసి మనిషి లోపలి వాతావరణం చెప్పే విద్య అక్కడే అబ్బింది, ఆ విద్యతోనే ఇవాళ అన్నం తింటోంది, కాబట్టి అమ్మను తప్పు పట్టడానికి కూడా లేదు. నలభై ఆరేళ్ళ వయసులో, ఇన్ని సర్టిఫికెట్లు గోడకి తగిలించుకుని, ఒక లిఫ్టు మెకానిక్ నవ్వేదాకా కుర్చీలోంచి లేవలేకపోయిందన్నమాట. అతను నవ్వి ఆమెను ఆడుకోడానికి పంపించాడు. తలచుకుంటే సిగ్గేసింది. సిగ్గుతో పాటు కొంచెం జాలి కూడా కలిగింది, అది అతని మీద కాదు.

పదకొండూ ఇరవై ఆరు. బల్లమీద ఫోను బోర్లా పడుకుని ఉంది. మంగళవారం అతను మెసేజ్ పెట్టాడు: "గురువారం ఉందా మేడమ్?" ఇంతకుముందు ఎన్నడూ అలా అడిగిన మనిషి కాదు. ఆమె ఆరుసార్లు రాసి ఆరుసార్లు చెరిపింది. తప్పకుండా రండి అని రాసింది, "తప్పకుండా" భయపెడుతుందని తీసేసింది. మీతో ఒక విషయం మాట్లాడాలి అని రాసింది, ఇంతకంటే కొంప ముంచే వాక్యం ఇంకోటి ఉండదని నాలుక కరుచుకుంది. చివరికి "ఉంది, పదకొండుకి" అని మాత్రం పంపింది. అంటే మంగళవారం దాకా అతను బతికే ఉన్నాడు, పని చేసుకుంటూనే ఉన్నాడు, భయం అది కాదు. భయం ఏమిటంటే, ఇక్కడ కూడా నా దగ్గర ఏదో దాచారు అనుకుని అతను ఇటు రావడం మానేస్తే, ఇక ఇంకెవరి గడపా తొక్కడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక మనిషిని నమ్మి అసలు మాట దాకా వచ్చాడు, ఆ మాటకు ఆమె కూడా, అతని మేనమామలాగే, బూట్లు కొనిపెట్టింది. ఫోను అందుకుంది. ఇప్పుడు చేసి, ఎలా ఉన్నారండీ అని అడిగితే తన గొంతులో ఏం వినిపిస్తుందో ఆమెకు తెలుసు, పన్నెండేళ్ళు అదే పని చేసింది. ఆ గొంతు వింటే అతనికి అనుమానం కాస్తా ఖాయమైపోతుంది. యాభై అయ్యాక చేద్దాం, మామూలు గొంతు వచ్చాక చేద్దాం. ఫోను కింద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపు వచ్చేలా ఉంది, రానిచ్చింది, అదీ రాలేదు.

పదకొండూ ముప్ఫై తొమ్మిదికి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. రెండో అంతస్తు, మూడో అంతస్తు, అక్కడ ఆగి, మళ్ళీ మొదలైంది. అతను లోపలికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు, ఆయాసం లేదు, పదకొండు నుంచీ మెట్ల మీదే కూర్చున్నాడని ఆమెకు అర్థమైంది. కుర్చీ అంచున కూర్చున్నాడు. హాస్యం లేదు.

"నాకేదో ఉంది. మీకు తెలుసు. చెప్పట్లేదు."

"దాచాను," అందామె. "నిజమే. కానీ అది మీ గురించి కాదు." గొంతు వణికింది, వణకనిచ్చింది. "ఆ రోజు మిమ్మల్ని ఆ ముఖంతో పంపలేకపోయాను. మీరు నవ్వేదాకా లేవలేకపోయాను. అది నా చిన్నప్పటి అలవాటు, మీ జబ్బు కాదు. ఏమైనా ఉందా అని మీరు అడిగినప్పుడు ఆ మాట చెప్పాల్సింది. ఏం లేదు అన్నాను. అనకూడని మాట, మీతో అస్సలు అనకూడని మాట."

అతను చాలాసేపు ఆమె ముఖం చూశాడు. ఆమె ముఖం తిప్పుకోలేదు, సర్దుకోలేదు కూడా.

"నవ్వితే వదిలేస్తారని నవ్వాను," అన్నాడు.

"అవును."

"ఆ పళ్ళ డాక్టరు జోకు ఏం బాలేదు."

"బాలేదు."

"ఏడు రోజులు మేడమ్!" కుర్చీ చేతిని అరచేత్తో కొట్టాడు. ఇన్ని నెలల్లో అతను గొంతు పెంచడం ఇదే మొదటిసారి. "ఏడు రోజులు నిద్ర లేదు నాకు. మెదడులో గడ్డేమో, మీకు డాక్టరు చెప్పాడేమో, పిచ్చాసుపత్రికి పంపుతారేమో! మా ఆవిడ ఏమైందని అడిగితే ఏం లేదని నేను అన్నాను, నేను! మా పిల్ల ముందు! లిఫ్టు మీంచి ఎందుకు దిగబుద్ధి కాలేదో తెలుసా మీకు? చావాలని కాదు. అక్కడ అన్నీ కనిపిస్తాయి. లాగే తాడు కనిపిస్తుంది, దిగే బరువు కనిపిస్తుంది, ఏది అరిగిందో కనిపిస్తుంది. ఎవడూ తల నిమరడు. దిగి ఎక్కడికి రావాలి, ఇక్కడికా? ఇక్కడా అంతేగా!"

ఆమెకు తెలిసిన మాటలు చాలా ఉన్నాయి, చల్లబరిచేవి, ఒక్కొక్కటీ నాలుక దాకా వచ్చింది. ఒక్కటీ అనలేదు. "చెప్పండి" అంది. అతను చెప్పాడు, పెద్దమ్మని తిట్టాడు, మేనమామని తిట్టాడు, ఆమెను తిట్టాడు, ఆమెకు తగలవలసిన చోట తగిలింది. మాట మధ్యలో గడియారం యాభైకి వచ్చింది. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవి వణుకుతోంది, ఇంకొక్క రెండు నిమిషాలిస్తే ఏడ్చేసేలా ఉన్నాడు. ఆమె చేతులు కుర్చీ అంచు పట్టుకున్నాయి.

"మన టైమ్ అయిపోయింది," అందామె.

అతను నమ్మలేనట్టు చూశాడు. "ఇప్పుడా?"

"ఇప్పుడే. మీ కోపం ఇంకా అవలేదు, తెలుసు. వచ్చే గురువారం పదకొండుకి ఉంటాను."

"యాభై నిమిషాలేనా?"

"యాభయ్యే."

"అందరికీ ఇంతేనా?"

"అందరికీ ఇంతే."

అతను లేచాడు, చొక్కా చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "అమ్మయ్య" అన్నాడు, కోపంగానే, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.